గుండీకి రెండో టాకా

దర్జీ ఇంట్లో కుక్కకు ఇంకేం పేరు పెడతారు? తల్లికి కాజా అని పెట్టాను, పిల్లకు గుండీ అని పెట్టాను. కాజాలోంచి గుండీ రావడం లోకసహజం అని నేనంటే మా ఆవిడ నవ్వలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నా మాటకు ఆవిడ నవ్వగా నేను చూడలేదు. ఒకసారి దుకాణం మెట్టు మీద జారిపడ్డప్పుడు నవ్వింది గానీ, అది మాట కాదు కదా, పాటు.

కాజా అసలు మా మరదలి కుక్క. మరదలంటే మా ఆవిడ చెల్లెలు. చిన్నతనంలోనే తల్లి పోతే అక్క చేతుల్లో పెరిగింది. ఆ అమ్మాయిది వానాకాలం చదువు. వెక్కిరింత కాదు, నిజంగానే వాన గురించి చదివింది. వాతావరణ కేంద్రంలో గాజు గొట్టం ముందు వంగి ఎంత వాన పడిందో చూసి పైవాళ్లకు చెప్పడం ఆ అమ్మాయి పని. నేను నడుములు కొలుస్తాను, తను వానలు కొలుస్తుంది. ఇద్దరిదీ కొలిచే కొలువే. కాకపోతే నా కొలత తప్పితే చొక్కా బిగుస్తుంది, తన కొలత తప్పితే ఊరు బిగుసుకుంటుంది.

ఆ కొలువు ఏళ్లకేళ్లుగా తాత్కాలికం. ప్రతి ఏడూ ఆఖర్న ఉందో ఊడిందో తెలియక, కాజాను పక్కన కూర్చోబెట్టుకుని గుమ్మంలో గోళ్లు కొరుక్కునేది. గోళ్లు ఈమెవి, గుర్రు దానిది. చివరికి సముద్రం మధ్యన ఒక దీవిలో ఉన్న కేంద్రానికి శాశ్వత ఉద్యోగం ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. అది వచ్చిన వారంలోనే కాజా లారీ కింద పడి పోయింది. దాని పిల్లల్లో మూడింటిని అప్పటికే అడిగినవాళ్లు పట్టుకుపోయారు. మిగిలింది గుండీ ఒక్కతే. తల్లిది నల్లచెవి, దీనిదీ నల్లచెవి.

"గుండీ వస్తేనే వెళ్తాను బావా. లేకపోతే ఆ దీవీ వద్దు, దాని జీతమూ వద్దు," అంది మరదలు.

"అదేంటే, అన్నేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం," అంది మా ఆవిడ.

"అన్నేళ్లూ నా పక్కన కూర్చున్నది ఎవరక్కా?"

దానికి నా దగ్గర జవాబులు రెండు మూడు ఉన్నాయి గానీ ఎవరూ అడగలేదు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ దీవిలో పిచ్చికుక్క జబ్బు లేదు. పుట్టి బుద్ధెరిగి రేబిస్‌ను చూడని దీవి అది. అందుకని బయటి కుక్క ఏదైనా అక్కడ కాలు పెట్టాలంటే టీకా వేయించుకుంటే చాలదు, ఆ టీకా ఒంటికి పట్టిందని నెత్తురు పరీక్షలో తేలాలి. కనీసం అర యూనిట్ రావాలి. మనుషులకు ముప్పయ్యయిదు మార్కులు ఎలాగో కుక్కలకు ఈ అర అలాగ. అర రాకపోతే ఎంత అరిచినా ఓడ ఎక్కనివ్వరు.

మరదలు కొత్త పరికరాల శిక్షణ కోసం పై ఊరు వెళ్లి ఉంటే, గుండీని పశువుల డాక్టరు దగ్గరికి మా ఆవిడే తీసుకెళ్లింది. నేను వెళ్లలేదు. ఆ రోజు ఒక పెళ్లికొడుకు కోటు నా బల్ల మీద చేతులు లేకుండా పడి ఉంది. మా ఆవిడ వెళ్లింది, టీకా వేయించింది, వచ్చి కాజాలు కుట్టుకుంటూ కూర్చుంది. మా దుకాణంలో కత్తిరించడం, కుట్టడం నా వంతు. కాజాలు తీయడం, గుండీలు వేయడం ఆవిడ వంతు. చొక్కా మూతపడేది ఆవిడ చేతిలో, నోరు మూతపడనిది నాకు.

నెల తరువాత నెత్తురు తీశారు. ఆ తరువాత కొన్నాళ్లకు డాక్టరమ్మ నుంచి కబురు వచ్చింది, ఒకసారి అందరూ రండి అని. అందరూ రండి అన్నారంటే అది మంచి కబురు కాదని ఆసుపత్రులు తెలిసినవాళ్లకు తెలుసు.

చిన్న ఆసుపత్రి. గోడవారగా బెంచీ, బెంచీ కింద ఎవరిదో బుట్టలో కోపంగా ఒక పిల్లి. లోపల గదిలో స్టీలు బల్ల, తూకం యంత్రం, టీకాలు దాచే ఫ్రిజ్, దాని తలుపుకు వేలాడుతూ ఒక థర్మామీటరు. జ్వరం ఫ్రిజ్‌కో డాక్టరుకో తెలియలేదు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మరదలి వయసే ఉంటుంది.

"అర కావాలి కదండీ, సున్నా పాయింట్ ఒకటి వచ్చింది," అంది.

"అర అడిగితే అరకొర ఇచ్చిందన్నమాట," అన్నాను.

"బావా, కాసేపు," అంది మరదలు. ఆ కాసేపు అన్నది నోరు మూసుకోమని చెప్పడంలో మా ఇంటి మర్యాద.

"ముందు నన్ను నేనే అనుమానించుకున్నానండీ," అంది డాక్టరమ్మ. "ఫ్రిజ్ చెడిందేమో అని చూశాను. చల్లదనం పోతే టీకా పనిచేయదు. అది బాగానే ఉంది. అదే పెట్టెలో మందు వేసిన మిగతా కుక్కలకు మంచి ఫలితమే వచ్చింది. పోనీ, నులిపురుగుల మందు వేశారా?"

"వేశాం," అంది మా ఆవిడ.

"తిండి సరిగ్గా తింటోందా?"

"నా పళ్లెంలోది కూడా తింటోందండీ," అన్నాను.

"తల్లికి టీకాలు వేయించేవారా?"

"ఏటా. ఒక్క ఏడు తప్పలేదు," అంది మరదలు.

డాక్టరమ్మ గుండీ చెవి నిమురుతున్న చెయ్యి ఆపింది. "అయితే తల్లికి మంచి రక్షణ ఉండి ఉంటుంది. ఇది పుట్టింది ఎప్పుడు?"

"గాలివానకి మా కేంద్రం రేకులు లేచిపోయాయి చూడండి, ఆ రోజు. ఆ వాన లెక్క పంపింది నేనే," అంది మరదలు.

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మా ఆవిడ వైపు తిరిగింది. "మరి నేను టీకా వేసేనాటికి దీనికి రెండు నెలల మీద కొన్ని రోజులేగా. మూడు నెలలు నిండాయన్నారు కదండీ."

"నిండాయనలేదమ్మా," అంది మా ఆవిడ మెల్లగా. "మూడో నెల అన్నాను. మూడో నెల పడింది అన్నాను."

బయట పిల్లి ఒక్కటే తన అభిప్రాయం చెప్పింది.

డాక్టరమ్మ మంచిది. "తప్పు నాది కూడానండీ. పుట్టిన తేదీ అడగాల్సింది, ఎన్నో నెల అని అడిగాను," అని, మాకు విషయం విడమరిచింది. తల్లి ఒంట్లో ఉన్న యాంటీబాడీలు పాలతో పాటు పిల్లకు వస్తాయట. ఆంటీలెవరో నాకు తెలుసు, కోటులో బాడీ ఏదో నాకు తెలుసు, ఈ రెండూ కలిసి పాలలో ఎలా పడ్డాయో తెలియలేదు. నా మొహం చూసి ఆవిడే సులువు చేసింది.

"కాపలావాళ్లు అనుకోండి. తల్లి పంపిన కాపలావాళ్లు. మేం వేసే టీకా ఏంటంటే, దొంగ ఇలా ఉంటాడు అని పిల్ల ఒంటికి ఒక బొమ్మ చూపించడం. తొందరపడి వేస్తే, పిల్ల చూసేలోపే తల్లి కాపలావాళ్లు ఆ బొమ్మను పట్టుకుని చించేస్తారు. ఇక పిల్ల ఏం నేర్చుకుంటుంది? మూడు నెలలు నిండేసరికి ఆ కాపలా పలచబడుతుంది. అప్పుడు వేస్తే తనంతట తను నేర్చుకుంటుంది."

"తల్లి ప్రేమ ఎక్కువైందంటారు," అన్నాను.

"ప్రేమ కాదండీ, ప్రొటీను," అంది డాక్టరమ్మ. నాకు ఆ పిల్ల నచ్చింది.

టీకా వేసేవాళ్లు చాలామంది ఉంటారు, టీకాతో పాటు తాత్పర్యం చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినదాంట్లో ఇంకొకటి కూడా ఉంది. వయసు సరిపోయినా, చిన్న కుక్కల్లో ఒక్క మోతాదుతో ఆ అర గీత దాటనివి చాలానే ఉంటాయట. రెండో మోతాదు వేస్తే చాలామట్టుకు దాటుతాయట.

"గీత దాటకపోతే దీనికి రక్షణ లేనట్టేనా?" అని అడిగింది మరదలు.

"అలా చెప్పలేం. ఎంతో కొంత ఉండొచ్చు. కానీ ఓడ మీద 'ఉండొచ్చు'కి టిక్కెట్టు ఇవ్వరు."

రెండో మోతాదు ఆ రోజే వేశారు. నెల ఆగి నెత్తురు తీయాలి. త్వరపడి తీస్తే అంకె పైకెక్కదు, ఆలస్యం చేస్తే దిగడం మొదలవుతుంది. ఇస్త్రీ పెట్టె లాంటిదే, వేడి సరిగ్గా ఉన్నప్పుడే చొక్కా మీద పెట్టాలి. మరదలు అప్పటికే ఒక ఓడ వదులుకుంది. ఆఫీసువాళ్లు ఒకసారి గడువు పెంచారు, రెండోసారి పెంచరు. నెలకొక్కసారి సరుకులు తీసుకెళ్లే ఓడ అది. వచ్చే ఓడ వదిలేసినా ఇంకొకటి ఉంటుంది గానీ, దాన్ని కూడా వదిలితే ఉద్యోగం వదిలినట్టే. అంటే ఆ అమ్మాయి జీవితం ఒక కుక్కపిల్ల నెత్తుట్లో ఎన్ని కాపలావాళ్లున్నారన్న దాని మీద ఆగింది. రక్తసంబంధం అంటే ఇదేనేమో.

ఆసుపత్రి మెట్లు దిగుతూ, గుండీని చంకలో పెట్టుకుని మరదలు అంది: "పడటానికీ నిండటానికీ తేడా తెలీదా అక్కా నీకు?"

మా ఆవిడ గబగబా మెట్లు దిగేసింది. మాకంటే ముందు నడిచింది. నేను దర్జీని. గుడ్డ చిరిగిన చప్పుడు నాకు అందరికంటే ముందు వినబడుతుంది.

సూది కోసం సోదికి వెళ్తే పాత బాగోతం బయటపడిందంటారు. మేం సూది కోసమే వెళ్లాం. బయటపడింది బాగోతం కాదు.

ఆ సాయంత్రం మా ఆవిడ పెళ్లికొడుకు తమ్ముడి కోటుకు కాజాలు తీస్తోంది. మరదలు వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. గుండీ ఇద్దరి మధ్యా దారపు ఉండతో యుద్ధం చేస్తోంది. నేను మిషను దగ్గర ఉన్నాను.

"కోపం వచ్చిందా అక్కా?"

"నీ మీద ఎందుకే?" అంది మా ఆవిడ సూది ఆపకుండా. "తేడా తెలుసే. నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. పడిందన్న మాట నాకు నోటికి అలవాటు. నిండిందన్న మాట..." దారం కొరికి తెంపింది. "అనాల్సిన అవసరం రాలేదు నాకు."

మరదలు నా వైపు చూసింది. నేను బాబినులో దారం చుట్టడం మొదలుపెట్టాను. అది అప్పటికే నిండుగా ఉంది.

"నువ్వు బడికెళ్లే రోజులవి," అంది మా ఆవిడ. "అక్కకి ఒంట్లో బాగాలేదు అని చెప్పేవాళ్లం నీకు. మూడుసార్లు చెప్పాం. ఒకసారి ఐదో నెల కూడా పడింది."

అంతే. నెలలు పడ్డాయి, నిండలేదు. ఆ రోజుల్లోనే నేను ఇంత గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఇంట్లో చప్పుడు ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

మరదలు పీట మీద నుంచి లేచి, అక్క పక్కన చాప మీద కూర్చుని, రెండో సూది తీసుకుంది. కాజా తీయడం ఆ అమ్మాయికి రాదు. తీసిన కాజాలోంచి కొబ్బరికాయ కూడా దూరుతుంది. మా ఆవిడ చూసి, "నువ్వు వానే కొలుచుకో," అంది. కోటు చెడింది గానీ, ఇంట్లో గాలి మారింది. ఆ కోటు విప్పి కుట్టింది నేనే. ఎవరూ జాలిపడలేదు.

ఆ నెలంతా గుండీకి రాజభోగం. దర్జీ ఇంట్లో గుడ్డకు లోటు లేదు, గుడ్డుకే లోటు. అలాంటిది రోజూ ఒక ఉడకబెట్టిన గుడ్డు దాని పళ్లెంలో పడేది. "నాకు కూడా రెండో మోతాదు వేయించండి," అని అడిగాను. మా ఆవిడ నా పళ్లెంలో గుడ్డు పెంకులు పెట్టింది.

దుకాణానికి వచ్చినవాళ్లకు నేను ఈ టీకా సంగతి చెప్పేవాణ్ణి. చూడండి, కోటు కుట్టేటప్పుడు ముందు టాకాలు వేస్తాం. పొడుగు పొడుగు కచ్చా కుట్లు. గుడ్డకు ఎక్కడ మడవాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి. టాకా వేసిన కోటు తొడుక్కుని చెయ్యెత్తితే చంక చెయ్యిస్తుంది. ఆ తరువాత అదే గీత మీద పక్కా కుట్టు వేస్తేనే బట్ట. టాకా ఎంతో టీకా అంతే. మొదటిది గుర్తు, రెండోది గట్టిదనం. ఈ మాట డాక్టరమ్మకు చెబితే, "బాగుందండీ, మా వాళ్లకి చెప్తాను," అంది. మా ఆవిడ మాత్రం, "మీ మొదటి మోతాదుకే జనం పారిపోతున్నారు," అంది.

నెత్తురు తీసే రోజు మెడ దగ్గర కాస్త వెంట్రుకలు గొరిగారు. "మొహం నేను పట్టుకుంటాను," అని మా ఆవిడ ముందుకు వచ్చింది. రెండు చేతులతో గుండీ బుగ్గలు పట్టుకుని, దాని ముక్కుకు తన ముక్కు ఆనించి, ఏదో చెబుతూనే ఉంది. సూది దిగింది, వచ్చింది. గుండీకి తెలిసినట్టు లేదు. మా ఆవిడ కళ్లు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆ నెత్తురు ఏం చేస్తారని నేను అడిగాను. పైనున్న నీరు లాంటిది తీసి, పలచన చేసి, ఇంకా పలచన చేసి, ఎంత పలచనయ్యే దాకా అది జబ్బు క్రిమిని ఆపగలుగుతుందో చూస్తారట. ఆ మాటకొస్తే మా పాలవాడు ఈ పరీక్షలో ఎప్పుడో ఆరితేరాడు.

ఎదురుచూపులు మొదలయ్యాయి. మరదలు పెట్టె సర్దుతుంది, మళ్లీ విప్పుతుంది. సర్దితే వెళ్తానన్న ఆశ పుడుతుందట, ఆ ఆశ అచ్చిరాదట. మా ఆవిడ ఆ విప్పిన బట్టలు మళ్లీ సర్దుతుంది. గుండీ ఆ పెట్టెలోనే పడుకుంటుంది. దానికి మాత్రం ఏ సందేహమూ లేదు.

ఫోను వచ్చేసరికి నేను ఒక లావుపాటి గుమాస్తాగారి నడుము చుట్టూ టేపు వేసి, రెండో కొస కోసం వెతుకుతున్నాను. మరదలు తన కేంద్రంలో ఉంది. నా ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో ఫోను.

"వచ్చిందండీ," అంది డాక్టరమ్మ. "నాలుగు పాయింట్ ఆరు."

"నాలుగున్నర పైనా?" అని కేక పెట్టాను.

"నా నడుమా?" అన్నారు గుమాస్తాగారు కంగారుగా. "అడుగులా?"

"మీది కాదండీ, మా గుండీది."

"గుండీ నాలుగున్నరా?" అని ఆయన తన చొక్కా గుండీలు తడుముకున్నారు. ఆయనకు సంగతి చెప్పే ఓపిక నాకు లేదు. నేను కొలతల్లో ఉంటే లోపలి గదిలో నా మిషను మా ఆవిడ తొక్కుతుంది. అది ఆగింది. కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. ఆవిడ బయటికి రాలేదు. ఆ రోజు ఆవిడ వేసిన కుట్టు మూరెడు దూరం వంకరగా పోయిందని తరువాత చూశాను. విప్పి, మళ్లీ కుట్టాను.

ఓడ బయలుదేరే రోజు రేవులో గాలి బాగా వీస్తోంది. ఎంత వేగమో మరదలు చెప్పింది, నాకు గుర్తులేదు. ఓడ నిచ్చెన దగ్గర ఒక బల్ల, బల్ల వెనుక తనిఖీ అధికారి, ఆయన నెత్తిన గాలికి నిలవని టోపీ. టోపీ కొలత ఎవరో తప్పు తీశారు. గుండీ పెరిగింది. చంకలో ఇమడక కాళ్లు వేలాడేసుకుని మరదలి చేతుల్లో ఉంది. ఆయన కాగితాలు చూశాడు, నాలుగు పాయింట్ ఆరు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

"మంచి అంకే. వయసెంత దీనికి?"

మరదలికి తెలుసు. రోజులతో సహా తెలుసు. అయినా కుక్కను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, పక్కకు జరిగి, అక్క వైపు చూసింది.

మా ఆవిడ కొంగు సర్దుకుంది. గొంతు సర్దుకుంది.

"ఆరు నెలలు నిండాయండీ," అంది.

"అంటే ఏడో నెల పడిందన్నమాట," అన్నాడాయన రాసుకోబోతూ.

"పడితే పడనీండి. ఆరు నిండాయి. అది రాసుకోండి."

ఆయన తలెత్తి మా ఆవిడను ఒకసారి చూసి, ఆరు అని రాశాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. మరదలు అక్కను గట్టిగా వాటేసుకుంది. మధ్యలో నలిగిన గుండీ ఇద్దరి చెంపలూ నాకేసింది. తరువాత మరదలూ గుండీ నిచ్చెన ఎక్కి వెళ్లిపోయారు.

ఓడ కదిలింది. పైనుంచి, కమ్మీల మధ్యలోంచి ఒక నల్లచెవి బయటికి వచ్చింది. గుండీ మా వైపు చూసి రేవంతా వినబడేట్టు అరిచింది.

"విన్నావటోయ్," అన్నాను. "అర అడిగితే, అరుపే నాలుగున్నర ఉంది."

మా ఆవిడ నవ్వింది. నేను నా కాళ్ల కిందకి చూసుకున్నాను. జారలేదు.